బురదలో పరువెత్తు చక్రము



ఈ పత్రికలో వంటలను, కుట్టుపనులను, శిశుపోషణమును గూర్చి చదువుటకు మీరలవాటుపడినవారు. నేను నేడు సైకిలు చక్రమును గూర్చి వ్రాయబూనితిని. ఇది మగవారి వ్యవహారమని పుట త్రిప్పివేయకుడు. ఇంటిలో ముప్పదివేల రూపాయలు ఒక వస్తువునకై వెచ్చింపవలసి వచ్చినపుడు, అది బంగారమైనను ఇనుమైనను, దాని మంచిచెడ్డలు గృహిణి తెలిసికొనక తప్పదు. ఆ వస్తువుపై నెక్కి పరువెత్తునది కన్నకూతురే యైనపుడు మఱింత తప్పదు.

మాది నిజామాబాదు జిల్లాలోని బాల్కొండ. మా వారు ఉన్నతపాఠశాలలో గణితము బోధింతురు. మా అమ్మాయికి 16 ఏండ్లు. శ్రీరాంసాగర్ జలాశయమునుండి వెడలు కాకతీయ కాలువ గట్టును, పసుపుచేల నడుమనున్న బండిబాటలును ఆమెకు అభ్యాసభూములు. తెల్లవాఱక మునుపే సైకిలెక్కి పోయి, బడివేళకు మోకాళ్లవఱకు బురదతో తిరిగివచ్చును. ఇరుగుపొరుగువారికి ఇది వింత. నాకును మొదట వింతయే. హైదరాబాదులో కొందరు సైకిలు ప్రియులు చలికాలములో ఒక చిన్న పందెము పెట్టుచున్నారనియు, దానిలో ఆడపిల్లలకు వేఱుగ పరుగు కలదనియు తెలిసినది మొదలు ఆమెకు నిద్రలేదు.

ఈ పందెమునకు సైక్లోక్రాస్ అని పేరు. ఐరోపాఖండమున పుట్టినది. పొలములు తడిసియుండు శీతకాలమున, రెండున్నర మొదలు మూడున్నర కిలోమీటర్ల చుట్టును మాటిమాటికి తిరుగుచు చేయుదురు. అందులో గడ్డి యుండును, ఇసుక యుండును, బురద యుండును, ఏటవాలు గట్లుండును. దారికడ్డముగ 40 సెంటీమీటర్లకు మించని పలకలు నిలుపుదురు. అచ్చట దిగి, సైకిలును ఎత్తి, దుమికి, మరల ఎక్కవలెను. నిట్టనిలువు గట్టు వచ్చెనా, సైకిలును భుజమున మోసికొని పరువెత్తవలెను. వాహనము మనుష్యుని మోయుట అందరెఱిగినదే. మనుష్యుడు వాహనమును మోయు పందెమిది! ఫ్రాన్సు దేశమున 1902లోనే జాతీయపు పందెము జరిగినది. ప్రపంచ విజేతను నిర్ణయించు పందెము 1950లో పారిస్ నగరమున మొదలయ్యెను. స్త్రీలకు మాత్రము ఆ భాగ్యము 2000 సంవత్సరమునగాని కలుగలేదు. నెదర్లాండ్సు దేశమున జరిగిన ఆ మొదటి పందెమును జర్మనీ దేశపు వనిత హాంకా కుప్ఫర్‌నాగెల్ గెలిచినది. నడుమ 50 ఏండ్లు! బురద స్త్రీపురుషులకు సమానముగనే అంటునుగదా, ఈ యాలస్యమెందుకో ఆ దేశముల పెద్దలే చెప్పవలెను.

ఇక మా యింటి సంగతి. అమ్మాయి సైకిలు దుకాణమున కట్టుగ కొన్నది. చక్రములు యంత్రముచే బిగింపబడినవి. గత శ్రావణమాసములో నొక సాయంకాలము కాలువ గట్టుపై వెనుక చక్రపు పుల్లలు వరుసగ మూడు విఱిగి, చక్రము వంకరయై, చట్రమునకు తగులుకొని నిలిచిపోయెను. వాన పడుచున్నది. పిల్ల సైకిలును మోసికొని చీకటిలో ఆఱు కిలోమీటర్లు నడిచివచ్చినది. ఆ రెండు గంటలు మా గుమ్మములో మేమెట్లు నిలిచితిమో తల్లులకు చెప్పనక్కఱలేదు. అమ్మిన కంపెనీకి వ్రాసితిమి. "బురదలో తొక్కినందువలన" అని యొక్క మాటతో వారు చేతులు దులుపుకొనిరి. బురదలో తొక్కుటకని చెప్పియే అమ్మిరి!

కొత్త చక్రములు కట్టింపక గత్యంతరము లేకపోయెను. అమ్మాయి గాజులకని నేను దాచిన సొమ్ము 30,000 రూపాయలున్నది. దానిని ముట్టుటకు నాకు మనసొప్పలేదు. ఆ రాత్రి గుమ్మమున నాతోపాటు నిలిచిన మా అత్తగారే నా సందేహమును తీర్చిరి. "బంగారం ఆగుతది బిడ్డా. పిల్ల మల్ల గట్ల చీకట్ల నడిచి రావొద్దు. ముందుగాల చక్రం చూడు" అనిరి. పసుపు పండించి బ్రతికిన యింటి యజమానురాలు. ఏది ముందో ఏది వెనుకో ఆమెకు తెలియును.

నా పుట్టినిల్లు బోధను ప్రాంతము. 2015లో మూతపడిన అచ్చటి చక్కెర కర్మాగారమునకు చెఱకు బండ్లు బారులు తీరి పోవుటను చూచుచు పెరిగినదానను. బండిచక్రమునకు ఆకులు దొడ్డవి, కట్టెవి. ఇరుసుమీది బరువు ఆకులపై బడి నేలకు దిగును. అనగా క్రిందనున్న ఆకు స్తంభమువలె నిలిచి బరువును మోయును. మన పురాణములలోని రథచక్రములును అట్టివే. నాభి, అరములు, నేమి యను మూడు మాటలు మా తాతగారు నాకు కావ్యములు చెప్పుచు నేర్పినవి. నాభి నడిమి కుండ, అరములు ఆకులు, నేమి అంచు.

సైకిలు చక్రమున కూడ ఈ మూడే యున్నవి. కాని ధర్మము తలక్రిందులైనది. సన్నని తీగ స్తంభమువలె నిలువగలదా? నొక్కిన వంగిపోవును. కావున తీగలనన్నిటిని ముందుగనే బిగించి లాగి యుంచుదురు. అంచు లోపలికి లాగబడును, కుండ అన్ని దిక్కులకు లాగబడును. బరువు పడినపుడు క్రిందితీగల బిగువు కొంచెము సడలును. పైకెక్కగనే మరల బిగియును. నులకమంచమును తలచుకొనుడు. నులక యొక్కటియే నిలువలేదు, నాలుగు పట్టెలు నొంటిగ నిలువలేవు. బిగించి అల్లినపుడే మనుష్యుని మోయును. సడలిన మంచమున పండుకొన్న మఱునాడు నులక యెట్లు ఒఱసికొని తెగునో, సడలిన పుల్లయు అట్లే తెగును. ప్రతి చుట్టునకు సడలుచు బిగియుచు, కుండవద్ద వంగిన మెడలో అలసి విఱుగును. మా అమ్మాయి చక్రమున విఱిగిన మూడును అచ్చటనే విఱిగినవి. బురద కారణము కాదు. బిగువు చాలకపోవుటయే కారణము.

ఈ మాట మొదట చెప్పినవాడు మా బస్టాండు దగ్గరి సైకిలు దుకాణపు భాయి. డెబ్బదియేండ్లు దాటినవాడు. అమ్మాయి ఆయనను చాచా యని పిలుచును. "గాలితోని సైకిల్ పోతదనుకుంటరు గానీ అమ్మా, చక్రం బతుకంత పుల్లల గుంజుడులనే ఉన్నది" అనెను. ఆయన చిన్ననాట బిగించిన చక్రములకు ముందు 32, వెనుక 40 పుల్లలు. మనిషితోబాటు బియ్యపు బస్తాను మోయుటకు కట్టినవి. అట్టి చక్రమును భుజమున మోసికొని గట్టెక్కుట మాటలా?

ఇచ్చట అమ్మాయికిని నాకును వాదము వచ్చినది. "అమ్మా, కార్బన్ చక్రాలైతే రెండు కలిపి 1,400 గ్రాములే ఉంటయ్" అని ఆమె పట్టు. వాని వెల మా సొమ్మునకు మూడింతలకు పైమాట. అమ్మువారు అంచున ఒక గ్రాము తగ్గిన పది గ్రాములు తగ్గినట్లని ప్రచారము చేయుదురు. మా వారు నవ్వి, కాగితముపై లెక్క వేసి చూపిరి. అంచుననున్న బరువు ముందునకు సాగవలెను, చుట్టును తిరుగవలెను; కావున వేగము పుంజుకొనునపుడు ఇంచుమించు రెండింతల బరువువలె పనిచేయును. అంతకు మించి లేదు. ఒక వేగమున సాగునపుడు ఆ రెండింతలును లేవు. మఱియొక సంగతి. మా రేగడినేలలో ఒక్క చుట్టు తిరిగిరాగానే ఆ పాతచక్రములనే మరమ్మతు చేయించి, అంటిన బురదతో పసుపు తూచు కాటాపై నుంచితిమి. బురదయే కిలోకు పైగ తూగినది. కిలో బురదను మోయుచు మూడువందల గ్రాములకై అప్పు చేయుటెందుకు? కర్ణుని రథము నేలలో క్రుంగినది చక్రము బరువై కాదుగదా!

అయినను తేలికతనము వట్టిమాట కాదు. పాత చక్రములు రెండును, టైర్లు లేకుండ, 2,250 గ్రాములు తూగినవి. 46 కిలోల పిల్ల గట్టుపై దానిని మోయవలెను. ఎచ్చట తగ్గించిన హానిలేదో అచ్చట తగ్గించుట వివేకము.

రిమ్ము, అనగా నేమి, అల్యూమినియముదే తీసికొంటిమి. ఒక్కొక్కటి 450 గ్రాములు. బురదపందెములలో టైరులో గాలి తక్కువగ నుంచుదురు. అపుడది నేలను హత్తుకొని జారదు. గాలి తక్కువైన టైరు ఱాతికి తగిలెనా, దెబ్బ రిమ్మునకు పోవును. అల్యూమినియము సొట్టపడును, చాచా సుత్తితో సరిచేయును. కార్బను పగిలెనా, ఇక అంతే. బ్రేకు సంగతి కూడ ఆలోచింపవలసియుండెను. పూర్వము బ్రేకు రిమ్మునే పట్టెడిది. ఇసుక కలిసిన బురద దానిని ఆకురాయివలె అరగదీసెడిది. అమ్మాయి సైకిలుకు కుండవద్ద బిళ్లబ్రేకున్నది కావున రిమ్మునకా బాధ లేదు.

కాని దానివలన పుల్లల అల్లిక మారును. బ్రేకు కుండను పట్టి నిలుపును. ఆ త్రిప్పుడు బలమంతయు పుల్లలద్వారమున అంచునకు పోవలెను. పుల్లలు కుండనుండి కిరణములవలె తిన్నగ నుండిన ఆ బలమునకు తాళజాలవు. కుండ అంచునంటి ఏటవాలుగ పోయి ఒకదానినొకటి దాటవలెను. 1874లో జేమ్స్ స్టార్లీ అను ఇంగ్లీషువాడు ఇట్టి ఏటవాలు పుల్లలకు పేటెంటు పొందెను. నూటయేబది యేండ్లయినను అంతకంటె మంచి యుపాయము రాలేదు. మేము మూడు దాటుల అల్లికను నిశ్చయించితిమి.

ఎన్ని పుల్లలు? అమ్మాయి 24 అనినది, చాచా 32 అనెను. బరువైన మగవారికి 32 ఉచితము. 46 కిలోల పిల్లకు 28 చాలునని నేను మధ్యస్థము చేసితిని. ఒకటి విఱిగినను చక్రము ఇల్లు చేరువఱకు తిరుగవలెననునది నా నియమము. 24 పుల్లలలో నొకటి పోయిన వంకర ఎక్కువ. ఆ చీకటి సాయంకాలము మరల రాకూడదు.

పుల్ల లావు విషయమున నాకొక చిత్రము తెలిసినది. కొసలయందు 2 మిల్లీమీటర్లును నడుమ 1.8 మిల్లీమీటర్లును ఉండు పుల్లలున్నవి. నడుమ సన్నమైనవి బలహీనములని తోచును. కాని విఱుగునది మెడయొద్ద గాని నడుమ కాదు. నడుము సన్నమగుటచే కొంచెము సాగి, దెబ్బను తాను పుచ్చుకొని మెడను కాపాడును. బరువును తగ్గును, ఆయువును పెరుగును. తుప్పుపట్టని ఉక్కువే కొంటిమి. చివరనుండు నిపిల్లులు మాత్రము ఇత్తడివి. అల్యూమినియపు నిపిల్లులు రంగురంగులుగ నుండి పిల్లల కన్నులకింపైనవి. అన్నియు మార్చిన 40 గ్రాములు తగ్గును. కాని తడిలో అవి పొక్కి, పుల్లను కఱచుకొని, చావికి తిరుగవు, మూలలు అరగిపోవును. మన యిండ్లలో ఇత్తడిబిందెలు తరతరములు నిలిచినవి. నేనిందులో ఎవరిమాటను వినలేదు.

కుండలకు, అనగా హబ్బులకు, మూసిన బేరింగులవి తీసికొంటిమి. చాచాకు విడి గోళీలు ప్రియము. వెనుక ప్రక్కకు 9, ముందు ప్రక్కకు 10 గోళీలు గ్రీజులో పొదిగి కూర్చుట ఆయన విద్య. కాని అమ్మాయి ప్రతిదినము సైకిలును నీటితో కడుగును. విడిగోళీలలో నీరు దిగిన మాటిమాటికి విప్పవలెను.

టైరు గాథ వేఱు. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలిటైరును కల్పించెను. బిడ్డకై పుట్టిన వస్తువది. పందెపు నియమము ప్రకారము టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదు. ఐరోపావారు రిమ్మునకు జిగురుతో అంటించు గొట్టపుటైర్లను తఱచు వాడుదురు. అవి శ్రేష్ఠములే. కాని ముల్లు దిగిన ఊడబెఱికి, కుట్లు విప్పి, అతికి, మరల అంటింపవలెను. మా బాటలనిండ పల్లేరుకాయలు, తుమ్మముండ్లు! ఇచ్చట ట్యూబులేని టైరే శరణ్యము. దానిలో పాలవంటి ద్రవము పోయుదురు. ముల్లు దిగినచోట ఆ పాలు పొంగి, గడ్డకట్టి, రంధ్రమును మూయును. అయితే మన యెండలకు అది త్వరగ ఎండిపోవును. రెండుమూడు నెలలకొకసారి పోయవలెను. టైరు బొడిపెలు దూరదూరముగ నుండునది ఏఱితిమి. దగ్గరగ నుండిన రేగడి ఇఱుకుకొని, చక్రము ముద్దగ మాఱి, బొడిపెలు లేనట్లే యగును.

వ్యయము వ్రాసెదను, ఎవరికైన పనికివచ్చును. రిమ్ములు రెండు 9,000, హబ్బులు 9,500, పుల్లలు నిపిల్లులతో 60, అందులో 4 మిగులునవి, 3,600, టైర్లు 6,000, పట్టీ, వాల్వులు, పాలు 1,900. మొత్తము సరిగ 30,000. చాచా కూలి వేఱు. టైర్లు లేకుండ చక్రముల బరువు 1,722 గ్రాములు. పాతవానికంటె అర కిలోకు పైగ తగ్గినది.

పుల్లల పొడవును మా వారు త్రికోణమితితో లెక్కించిరి. ఆ రాత్రి తండ్రియు కూతురును వంటయింటి గడపపై సుద్దముక్కతో గీచిన చక్రములు నేను మఱునాడు అలుకుదాక నుండెను. వెనుక చక్రమున కుడిప్రక్క పండ్లచక్రములుండుటచే కుండ ఎడమకు జరిగియుండును. కావున కుడిపుల్లలు 295, ఎడమవి 297 మిల్లీమీటర్లు వచ్చినవి. రెండు మిల్లీమీటర్ల భేదమేగదా యని ఒకే కొలత కొన్నచో నిపిల్లులో మరలు చాలవు, లేదా పుల్లకొన పైకి పొడుచుకొనివచ్చును. కుడిపుల్లలు నిట్టనిలువుగ నుండును, ఎడమవి వాలి యుండును. అంచు నడుమ నిలువవలెనన్న కుడివానికి బిగువు ఎక్కువ, ఎడమవానికి దానిలో నూటికి 60 పాళ్లు మాత్రమే. త్రాసులో నొకకాడ పొట్టిదైన ఆ ప్రక్క బరువెక్కువ వేయునట్లు.

ఆ బిగువును కొలుచు యంత్రము చాచాకు లేదు. ఆయన పుల్లను వ్రేలితో మీటి వినును. వయసుచే ఇపుడాయనకు వినికిడి మందగించినది. నాకు చిన్నతనమున వీణ నేర్పించిరి. కావున మూడు సాయంకాలములు ఆయన దుకాణములో బల్లపై కూర్చుండి, ఒక్కొక్క పుల్లను మీటి, "ఇది తగ్గినది, ఇది ఎక్కినది" అని చెప్పుట నా పనియైనది. ఎడమపుల్లల స్వరమును షడ్జమనుకొన్న, కుడివి గాంధారమునకు మధ్యమమునకు నడుమ పలుకవలెను. ఒక ప్రక్క పుల్లలన్నియు ఒకే శ్రుతిలో నుండవలెను. చాచా పుల్లల చావిని పావుచుట్టు త్రిప్పును, నేను వినెదను, అమ్మాయి చక్రమును త్రిప్పి వంకర చూచును. బస్సుకై నిలిచినవారు మమ్ము చూచి ఏమనుకొనిరో! అత్తగారు రెండవనాడు తానును వచ్చి, ముక్కాలిపీటపై కూర్చుండి, తమలపాకులు చుట్టుచు, "ఆ పుల్ల ఇంక పలుకుతలేదు చూడు" అని నాకంటె ముందే ఒకటి పట్టిరి.

బిగింపు ముగిసిన పిదప చాచా చక్రమును నేలపై ఏటవాలుగ నుంచి, అంచును రెండుచేతులతో నొక్కెను. పుల్లలు టకటక మని చప్పుడు చేసినవి. మెలిపడిన తీగలు తమచోట సర్దుకొనుట యట. పందెమున సర్దుకొనుటకంటె దుకాణమున సర్దుకొనుట మేలని మరల శ్రుతి చూచి, మరల బిగించితిమి. ఇట్లు నాలుగుసార్లు.

కార్తికమాసమున అకాలవర్షము కురిసినపుడు పరీక్ష జరిగినది. కాలువ గట్టు, పసుపుమడుల అంచు, చెఱువు వెనుక ఇసుక, మొత్తము పదునైదు కిలోమీటర్లు. మా వారు స్కూటరుపై వెంటబోయిరి. చక్రము వంకరపోలేదు. ముందు టైరులో మూడు పల్లేరుకాయలు దిగియుండెను. పాలు పొంగి ఎండినచోట తెల్లని చుక్కలు కనబడినవి, గాలి తగ్గలేదు. వెనుక ఎడమప్రక్క రెండుపుల్లలు మాత్రము శ్రుతి దిగినవి. నేను మీటి గుఱుతించితిని, అమ్మాయి తానే చావితో బిగించినది. ఇప్పుడా చావి ఆమె పుస్తకముల సంచిలో నున్నది. మిగిలిన నాలుగు పుల్లలను కాగితములో చుట్టి మా వారు పంచాంగము వెనుక నుంచిరి. పందెము పుష్యమాసములో, దానికి ముందు పాలు మరల పోయవలెను.